పాత బోర్డుకెళ్లి

ఖతర్‌లోని అల్ మన్సూరా ఫ్లాట్లలో పుట్టినరోజో, వ్రతమో అయ్యి భోజనాలు ముగిశాక కామేశ్వరరావు చేత ఒక ఐటెమ్ చేయించడం ఏళ్ళ తరబడి ఆనవాయితీ. "రావుగారూ, ఆ 'కెళ్లి' ఒక్కసారి" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన వద్దండీ వద్దండీ అంటూనే లేచి నిలబడతాడు. చేతిరుమాలు తలకి చుట్టుకుంటే కూలిమనిషి, కళ్ళజోడు పెట్టుకుంటే ఆఫీసరు.

"ఎక్కణ్ణుంచయ్యా రాక?" అంటాడు ఆఫీసరు. "ఇంటికెళ్లి అస్తున్న సార్" అంటాడు రుమాలు మనిషి. "ఇప్పుడేగా డ్యూటీకి వచ్చావు, అప్పుడే ఇంటికెళ్ళి రావడం కూడా అయిపోయిందా?" అని ఆఫీసరు కళ్ళజోడు పైనుంచి చూస్తాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. తెలంగాణ ఊళ్ళలో 'ఇంటికెళ్లి' అంటే 'ఇంటి నుంచి' అని, గోదావరి వాళ్ళకి అది 'ఇంటికి వెళ్ళి' అని వినిపిస్తుందని, అంతే ఆ జోకు. పాతదే, ఆయన పుట్టించిందీ కాదు. నవ్వేవాళ్ళలో జగిత్యాల వైపు వాళ్ళు ఒకరిద్దరు ఉంటే వాళ్ళూ నవ్వేవాళ్ళు. మర్యాదస్తులు మరి.

కామేశ్వరరావుది సామర్లకోట. ఖతర్ వచ్చి పంతొమ్మిదేళ్ళు. క్యాంపుల నుంచి సైట్లకి కూలీలను చేరవేసే ఒక బస్సుల కంపెనీలో కంప్యూటర్ల పెద్ద. చొక్కా నలగకుండా నడిచే మనిషి. ఏ పని చేసినా ముందు ఒక పట్టిక తయారుచేసుకుని వరుసకొక టిక్కు పెట్టుకుంటూ పోవడం ఆయన అలవాటు, గర్వం కూడా. భార్య ఇందిరాదేవి ఊరికి వెళ్ళేటప్పుడు సామాన్లకి కూడా పట్టిక రాసిచ్చేవాడు. ఆవిడ దాన్ని మడిచి సూట్‌కేసు అడుగున పెట్టేసి తన పద్ధతిలో తను సర్దుకునేది.

ఆ సంవత్సరం కంపెనీ సొంత క్లౌడ్ కట్టుకుంది. ఏ బస్సు ఏ క్యాంపుకి, ఎంతమందిని ఎక్కించుకోవాలి, డ్రైవరు చేతిలోని ట్యాబ్‌కి ఏ దారి పంపాలి, అన్నీ దాని మీదే నడవాలి. ప్రపంచంలో ఎవరెవరో రాసి అందరికీ వదిలేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెచ్చి, ఉమ్ సలాల్ డిపోలో బస్సులు కడిగే చోటు పక్కన ఉన్న సర్వర్ గదిలో కామేశ్వరరావే దాన్ని నిలబెట్టాడు. నిలబెట్టడం ఒక ఎత్తు, పడకుండా చూడడం ఒక ఎత్తు. ఆ రెండోదానికే హై అవైలబిలిటీ అని పేరు.

జోర్డాన్ నుంచి వచ్చిన జనరల్ మేనేజరుకి దాన్ని ఎంతో ముద్దుగా చెప్పాడు కూడా. పెత్తనం చేసే యంత్రాలు మూడు. క్షణక్షణం ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. ఒకటి పలకకపోతే మిగిలిన రెండూ ఒక మాట మీదకి వచ్చి పని అందుకుంటాయి. బయటివాళ్ళకి తెలిసే చిరునామా ఒక్కటే, ఏది బతికుంటే దాని దగ్గరికి అది మారిపోతుంది. ఒక్కో యంత్రానికీ కరెంటు తీగలు రెండు. ఒకటి పాత బోర్డు నుంచి, ఒకటి కొత్త బోర్డు నుంచి. "అన్నీ ఒక్కసారే పడిపోవడం జరగదు సార్" అన్నాడు. ఆ మాట ఆయన నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి ఉంది.

ఆ కరెంటు తీగల పని చేసింది లస్మయ్య. కాంట్రాక్టు కంపెనీ ఎలక్ట్రీషియన్. జగిత్యాల అవతల ఏదో ఊరు. నలభై అయిదేళ్ళుంటాయి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుతూ మాట్లాడతాడు. మొదట్లో తొందరకి రెండు తీగలూ పాత బోర్డుకే తగిలించారు. "రెండోవి అక్కణ్ణుంచి తీసేసి కొత్త బోర్డుకి ఇచ్చేయ్ లస్మయ్యా" అని కామేశ్వరరావు చెప్పి వచ్చాడు. చెప్పేటప్పుడు కూడా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు.

నాలుగు రోజుల తర్వాత వాట్సాప్‌లో లస్మయ్య గొంతు వచ్చింది. కామేశ్వరరావు హెడ్డాఫీసు లిఫ్టులో ఉన్నాడు. "సార్, నమస్తే. పాత బోర్డుకెళ్లి రెండో వైరు గుంజినం సార్." అంతవరకు విని ఆపేశాడు. పాత బోర్డు దగ్గరికి వెళ్ళారు, రెండో వైరు గుంజేశారు, బాగుంది. లిఫ్టు దిగేలోపే పట్టికలో నలభై ఒకటో వరుస తెరిచాడు. 'ఒక బోర్డు పూర్తిగా ఆపి పరీక్షించుట' అని ఉందక్కడ. యంత్రాలను ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూడడం ఆయన ముందే చేశాడు, అది చక్కగా పనిచేసింది. బోర్డు ఆపాలంటే మాత్రం డిపో వాళ్ళ అనుమతి కావాలి, సెలవు రోజు ఎండలో ఉమ్ సలాల్ దాకా పోవాలి, లస్మయ్యని పిలిపించాలి. ఎందుకులే అనుకున్నాడు. టిక్కు పెట్టాడు. కింద సంతకం పెట్టాడు. పంతొమ్మిదేళ్ళలో చెయ్యని పనికి టిక్కు పెట్టడం అదే మొదటిసారి అని తర్వాత ఆయన తనకి తాను చెప్పుకున్నాడు. అది నిజమో కాదో ఆయనకే తెలియాలి.

జూలైలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి వేడికి పాత బోర్డు మెయిన్ స్విచ్ పడిపోయింది. కొత్త బోర్డు నిక్షేపంగా ఉంది. మూడు యంత్రాలూ ఒక్కసారే ఆరిపోయాయి. ఎండాకాలం ఇక్కడ పదింటికి బయటి పనులు ఆపేయాలి, కూలీలను బస్సులెక్కించి క్యాంపులకి చేర్చాలి. డ్రైవర్ల ట్యాబ్‌లలో దారి రాలేదు, ఏ సైటుకి ఎవరు పోవాలో తెలియలేదు. అల్ ఖోర్ దగ్గరి సైటులో నాలుగు వందల మంది, నీడలేని ఇసుకలో, పన్నెండు కావస్తుండగా బస్సులు వచ్చేదాకా నిలబడ్డారు. ముగ్గురు కళ్ళు తిరిగి పడిపోయారు. సెలైన్ ఎక్కించాక తేరుకున్నారు.

గురువారం మీటింగు. ఇంత పెద్ద ఏర్పాటు ఒక్క స్విచ్‌తో ఎలా పడిందని మేనేజరు అడిగాడు. కామేశ్వరరావుకి నలభై ఒకటో వరుస కళ్ళ ముందు కదిలింది. అప్పుడు ఫోన్ గుర్తొచ్చింది. మునిగేవాడికి తాడు దొరికినట్టయింది. లస్మయ్య గొంతు అందరికీ వినిపించి, మొదటి వాక్యం దగ్గర ఆపి, ఇంగ్లీషులో అర్థం చెప్పాడు. "పాత బోర్డు దగ్గరికి వెళ్ళి రెండో వైరు తీసేశామని స్వయంగా చెప్పాడు సార్. తియ్యలేదు. అబద్ధం చెప్పాడు."

ఆ గదిలో ఎనిమిది మంది ఉన్నారు. తెలుగు వచ్చినవాడు ఆయన ఒక్కడే. సాక్షీ ఆయనే, దుబాసీ ఆయనే. వేరే సెక్షన్ ఇంజనీరు అమర్ హైదరాబాదు వాడు, ఉంటే పట్టేవాడు కాబోలు. ఆ రోజు సెలవులో ఉన్నాడు. మేనేజరు ఆ గొంతుని కూడా జతచేసి కాంట్రాక్టు కంపెనీకి కబురంపాడు. ఆ మనిషిని సైటులోకి రానివ్వద్దు, వీసా రద్దు చేసి పంపించెయ్యండి అని. ఆదివారం కాగితాలు తయారవుతాయన్నారు. కామేశ్వరరావు గుండె మీంచి బరువు దిగింది. సాయంత్రం ఇంటికి వెళ్తూ పకోడీలు కూడా కొన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇందిరాదేవి అడిగింది. "ఏవండీ, ఆ గొడవ ఏమైంది?"

"ఏముంది, ఆ లస్మయ్య చేసిన పని. సాక్ష్యం నా ఫోన్లోనే ఉంది, విను." గొప్పగా వినిపించాడు. కానీ నొక్కేసి చెయ్యి మళ్ళీ పెరుగన్నంలో పెట్టాడు. మొదటి వాక్యం దగ్గర ఆపలేకపోయాడు. గొంతు ముందుకి సాగింది.

"సార్, నమస్తే. పాత బోర్డుకెళ్లి రెండో వైరు గుంజినం సార్. సన్నది తీసి దొడ్డుది ఏసినం. కొత్త బోర్డుల బ్రేకర్ లేదు, ఆర్డర్ పెట్టిన్రట, ఇంక రాలే. వచ్చినంక మారుస్తం. అప్పటిదాంక రెండూ ఒక్క బోర్డు మీదనే ఉన్నయ్, జర యాదిల ఉంచుకోండ్రి సార్."

పదకొండో తరగతి చదువుతున్న కూతురు తన్మయి ముద్ద కలుపుతూ తలెత్తింది.

"ఆయన ముందే చెప్పాడుగా నాన్నా, రెండూ ఒకే బోర్డు మీద ఉన్నాయని."

"పాత బోర్డుకి వెళ్ళి గుంజేశామన్నాడు కదే మొదట" అన్నాడు. ఆ గొంతు ఆయనకే పరాయిగా వినిపించింది.

"కెళ్లి అంటే నుంచి కదా. పాత బోర్డు నుంచి వైరు లాగాం అంటున్నాడు. నువ్వే కదా అందరికీ చేసి చూపిస్తావు."

తన్మయి వెటకారంగా అనలేదు. లెక్కల్లో తప్పు చూపినట్టు మామూలుగా అంది. ఇందిరాదేవి కూతురి వైపు చూసి, మొగుడి వైపు చూసి, సాంబారు గిన్నె మీద మూత పెట్టింది. తెలియని మాట అయితే కామేశ్వరరావుకి ఇంత సిగ్గు ఉండేది కాదు. తెలియని మాటకి ఎవరైనా పొరబడతారు. ఈ మాట తనకి తెలుసు. రుమాలు చుట్టుకుని, తల ఊపి, పంతొమ్మిదేళ్ళు దాని మీద చప్పట్లు కొట్టించుకున్నాడు. నవ్వించడానికి పనికొచ్చిన మాట, ఆ మనిషి పని గురించి చెప్పినప్పుడు చెవికి ఎక్కలేదు.

"ఇప్పుడేం చేస్తారు?" అంది ఇందిరాదేవి చేతులు కడుక్కుని వచ్చాక.

"చూద్దాం."

ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ రోజంతా మంచినీళ్ళు అడిగితే ఇచ్చింది, అంతకుమించి మాట లేదు. కామేశ్వరరావు సోఫాలో పడుకుని లెక్కలు కట్టాడు. నిజం చెబితే మొదట మాట తేలుతుంది, ఆ వెనకే నలభై ఒకటో వరుస తేలుతుంది. చెయ్యని పరీక్షకి సంతకం. దానికి ఏ యాసా అడ్డురాదు. చెప్పకపోతే లస్మయ్య పోతాడు. పోతే ఏమైంది, ఇంకో కంపెనీలో చేరతాడు అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన వెళ్ళిపోలేదు, పక్కనే కూర్చుంది.

శనివారం ఉండబట్టలేక డిపోకి వెళ్ళాడు. గేటు బయట గోడ నీడలో లస్మయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన పనిముట్ల సంచి. లోపలికి వెళ్ళే పాస్ ఆపేశారు, లోపల ఉన్న తన డ్రిల్ మెషీన్ ఎవరైనా తెచ్చిస్తారేమో అని కూర్చున్నాడు. కామేశ్వరరావు కారు చూసి లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడొచ్చావు?"

"పొద్దుగాల్నే అచ్చిన సార్. క్యాంపుకెళ్లి నడుసుకుంట అచ్చిన."

ఎంత మామూలుగా పలికాడో ఆ మాట. కామేశ్వరరావు తల దించుకున్నాడు. లస్మయ్య స్క్రూడ్రైవరు లేని చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నా తోని ఏం తప్పయ్యిందో తెల్వలే సార్. ఫోర్‌మన్ నా ఆవాజ్ నాకే ఇనిపిచ్చిండు. నాదే అన్న. గంతే, పో అన్నడు. నేనే సక్కగ చెప్పలేనట్టున్న. హిందీల చెప్పినా అయిపోతుండె. మీరు మనోళ్ళు గదా అని తెలుగుల చెప్పిన."

నువ్వు చక్కగానే చెప్పావు అనాలి కామేశ్వరరావు. మూడే మాటలు. అవి అనేస్తే వెనక్కి తిరగడం ఉండదు. "చూద్దాం లస్మయ్యా" అన్నాడు.

"మీరు చూస్తమంటే ఇగ నాకు భయం లేదు సార్" అన్నాడు లస్మయ్య.

కామేశ్వరరావు లోపలికి వెళ్ళి డ్రిల్ మెషీన్ తెచ్చిచ్చాడు. దాన్ని అందుకుంటూ లస్మయ్య, ఊరికే చెప్పినట్టు, తన రూంలో ఉండే భూమేష్ కూడా మంగళవారం అల్ ఖోర్ ఎండలో పడిపోయినవాళ్ళలో ఉన్నాడని, ఇప్పుడు పర్వాలేదని, అన్నం తింటున్నాడని చెప్పాడు. నింద అందులో ఏమీ లేదు. ఉంటే బాగుండేది అనిపించింది కామేశ్వరరావుకి. తిట్టినవాడికి ఎదురు చెప్పవచ్చు. నమ్మినవాడికి ఏం చెప్తాం? కారులో ఏసీ వేసుకుని కూర్చుని, లస్మయ్యని దాటుకుని పోయే ధైర్యం లేక చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు.

ఆదివారం ఉదయం తనే మీటింగు అడిగాడు. సెలవు నుంచి తిరిగొచ్చిన అమర్‌ని కూడా రమ్మన్నాడు, ఈసారి దుబాసీ తను ఒక్కడే కాకూడదని. ఫోన్ బల్ల మీద పెట్టి మొత్తం వినిపించాడు. ఒక్కో వాక్యం ఆపి ఇంగ్లీషులో చెప్పాడు.

"వెళ్ళి అని కాదు సార్. నుంచి అని. పాత బోర్డు నుంచే వైరు వేశాం అని చెప్పాడు. గురువారం నేను చెప్పిన అర్థం తప్పు."

మేనేజరు అమర్ వైపు చూశాడు. అమర్ తలూపాడు. "ఆ మాట నీకు అప్పుడు తెలియదా?" అన్నాడు మేనేజరు.

తెలియదు అంటే సరిపోయేది. గదిలో ఎవరూ కాదనరు. కామేశ్వరరావు ఒక క్షణం తప్పించుకునే ఆ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"తెలుసు సార్. ఆ మాట మీద నేను జోకులు చేస్తుంటాను."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు పట్టిక ముందుకి జరిపి నలభై ఒకటో వరుస మీద వేలు పెట్టాడు. "మరి ఇది? ఈ పరీక్ష చేశావా?"

"చెయ్యలేదు."

ఆ మాట అన్నాక హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కామేశ్వరరావుకి హాయి కలగలేదు. ఎనిమిది మంది ముందు చొక్కా విప్పించినట్టు కూర్చున్నాడు. మేనేజరు కేకలు వెయ్యలేదు. నాలుగు వందల మంది ఎండలో నిలబడ్డారు అని మాత్రం నెమ్మదిగా అన్నాడు. హెచ్చరిక కాగితం ఇచ్చారు. పట్టికలో ఇక మీదట అమర్ సంతకం చేస్తాడు, పని కామేశ్వరరావు చేస్తాడు అని తేల్చారు. లస్మయ్య కాగితాలు ఆపించారు. అది జరిగింది, ఆ ఒక్కటీ జరిగింది.

పది రోజులకి కొత్త బోర్డుకి బ్రేకర్ వచ్చింది. శుక్రవారం పూట, బస్సులు తక్కువగా ఉన్న సమయం చూసుకుని, డిపో వాళ్ళందరికీ చెప్పి, పాత బోర్డు పూర్తిగా ఆపారు. గదిలో ఏసీ ఆగి చెవులు దిబ్బడేసినట్టయింది. మూడు యంత్రాల పచ్చదీపాలు అలాగే వెలుగుతున్నాయి. తర్వాత దాన్ని మళ్ళీ వేసి కొత్త బోర్డు ఆపారు. అప్పుడూ వెలిగాయి. ఒక యంత్రాన్ని పూర్తిగా ఆపేస్తే మిగిలిన రెండూ పని అందుకున్నాయి. అనుకున్నట్టే జరుగుతుంటే కామేశ్వరరావుకి ఆనందం రావాలి, రాలేదు. మార్చిలో ఆ టిక్కు పెట్టే ముందు చేసి ఉంటే ఇదంతా రెండు గంటల పని.

చివరగా ఏ తీగ ఎక్కడిదో ఒక్కొక్కటి పట్టుకుని సరిచూసుకోవాలి. కామేశ్వరరావు పట్టిక పట్టుకుని యంత్రాల వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నలిగిన చొక్కా. అమర్ తలుపు దగ్గర పెన్ను పట్టుకుని ఉన్నాడు. లస్మయ్య తీగ పట్టుకుని చెప్పాలి.

"ఇది ఎక్కడిది లస్మయ్యా?"

లస్మయ్య పెదవులు ఒకసారి కదిలాయి, బడిలో పాఠం అప్పజెప్పే ముందు కదిలినట్టు. అప్పుడు ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

"ఇది... కొత్త బోర్డు... నుంచి... వస్తుంది సార్."

'నుంచి' దగ్గర గొంతు గట్టిగా నొక్కాడు. తలుపు దగ్గర అమర్ పెన్ను ఆపి ఇటు చూశాడు. కామేశ్వరరావు పట్టికలోంచి తల ఎత్తలేకపోయాడు.

"నీ మాటలోనే చెప్పు. నాకు అర్థమవుతుంది."

"వద్దు సార్. ఇంటికాడ మా ఆమె గంగాబాయి గూడ ఫోన్ల నవ్వుతున్నది, ఇదేం మాట నేర్సినవని. అయినా నేర్సుకుంటున్న. మల్ల మీకు సమజ్ గాకుంటే అంతమంది ఎండల నిలవడ్తరు."

అది దెప్పిపొడుపు కాదు. పని చక్కగా జరగాలన్న మనిషి చేసుకున్న ఏర్పాటు, అంతే. సాఫ్ట్‌వేరంతా తెచ్చి, మూడు యంత్రాలు పెట్టి, రెండు బోర్డులు పెట్టి కామేశ్వరరావు కట్టిందానికి, ఆ కామేశ్వరరావు చెవి మీద నమ్మకం లేక లస్మయ్య ఇంకో వరుస కలిపాడు. క్షమించమని అడగాలని ఆ శనివారం నుంచి నోట్లో నానుతున్న మాట అప్పుడైనా వస్తుందేమో అని కామేశ్వరరావు చూశాడు. రాలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

లస్మయ్య రెండో తీగ పట్టుకుని, ఆయన రాసుకోవడానికి వీలుగా ఆగి, మళ్ళీ అంత జాగ్రత్తగానూ చెప్పాడు. "ఇది పాత బోర్డు నుంచి సార్."